సత్యకుమారి పేరు మీద

బుసైతీన్,
6 సెప్టెంబరు 2024

వీరదుర్గక్కా,

ఉత్తరం చూసి కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. ఇన్ని రోజులుగా ఫోను రాలేదని నువ్వు ఈపాటికి మలికిపురం అంతా ఏకం చేసి ఉంటావు. బావని పస్తు కూడా పెట్టి ఉంటావు. పాపం, ఆయనకి అన్నం పెట్టు, తర్వాత చదువుకో.

మనామాలో పాత ఇంటివాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ నన్ను ఈ కొత్త ఇంట్లో పెట్టించారు. ఇది మనామా పక్కనే, బుసైతీన్‌లో, సముద్రానికి దగ్గర. ఇంట్లో భార్యాభర్తలిద్దరే. మిగతా ఇళ్ళల్లోలాగే ఆయన్ని బాబా అంటాను, ఆవిడని మేడం అంటాను. జీతం బాగుంది, పని తక్కువ. ఒక్కటే షరతు, ఇంట్లో ఎవరి దగ్గరా ఫోను ఉండకూడదు. గుమ్మం దాటగానే మేడం నా ఫోను అడిగి తీసుకుని అలమారలో పెట్టి తాళం వేసింది. ఎవరో ఫోటోలు తీసి బయటికి పంపుతున్నారట. ముసలివాళ్ళ ఫోటోలు ఎవరికి కావాలో నాకు తెలియలేదు.

పక్క స్థలంలో మేడ కడుతున్నారు. అక్కడ నిజామాబాదు వైపు నుంచి వచ్చిన లింబాద్రి పని చేస్తున్నాడు. నేను చెత్త పడేస్తుంటే నా చీరకట్టు చూసి, "అక్కా, తెలుగోళ్ళేనా?" అని పలకరించాడు. ఈ ఉత్తరం అతనే మనామాలో పోస్టు చేస్తాడు. నువ్వు అతని క్యాంపుకే రాయి, అడ్రసు వెనకవైపు ఉంది. అతని ఫోనులోంచి నీతో ఒక్క మాట మాట్లాడతానంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఆ ఇంటి ముచ్చట ఫోన్ల వద్దక్కా. కాయితమైతే సంచిల పడుంటది, ఎవ్వడు అడగడు" అన్నాడు. ఆ ఇంటి ముచ్చట ఏమిటయ్యా అంటే తల గోక్కుని వెళ్ళిపోయాడు.

బాబా చాలా మెత్తని మనిషి. గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు. హాల్లో సోఫాలు ఉండగా చెక్క కుర్చీలో వీధి తలుపు వైపు తిరిగి కూర్చుంటాడు. గుమ్మం పక్కన గంట పీకేశారు, వైర్లకి టేపు చుట్టి ఉంది. మొన్న నేను పరదాలు తగిలిస్తుంటే వెనకనుంచి, "చేతులు అలా ఎత్తి ఉంచకు. ముందు వేళ్ళు మొద్దుబారతాయి. తర్వాత భుజం పోతుంది, ఎడమదే ముందు పోతుంది" అన్నాడు. అక్కా, సరిగ్గా అలాగే అయింది. ఆయనే నూనె ఇప్పించాడు. వైద్యం చదివాడేమో.

ప్రసన్న ఇంగ్లీషు పరీక్షకి చదువుతోందా? నర్సింగు అయిపోయాక ఇంక నాకు మిగిలింది ఒకటే కోరిక. అది లండన్ విమానం ఎక్కేలోపు నేను ఇంటికి రావాలి. నడక నేర్చిన పిల్లని నీ చేతిలో పెట్టి వచ్చాను, ఇప్పుడు అది సూదులు వేస్తోంది. ఒక్క నెల దానికి వండిపెట్టి, తల దువ్వి, నా చేత్తో విమానం ఎక్కించాలి. తల్లినని అనుకోవడానికి నాకు ఆ మాత్రం ఉండాలి కదా.

దూరాన ఉన్నా నీ మాట చెవిలో వినపడే,
సత్యకుమారి


మలికిపురం,
27 సెప్టెంబరు 2024

సత్యా,

నీ బావకి అన్నం పెట్టాకే చదివాను. పోస్టుమాను సాయిబాబు వీధిలోంచే, "వీరదుర్గమ్మగారండీ, మీకు ఉత్తరమొచ్చిందండీ! బ్యాంకు నోటీసు కాదండీ, నిజం ఉత్తరమేనండీ!" అని కేక పెట్టాడు. నలుగురు పోగయ్యారు. నీ రాత చూసి నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి, దాంతో ఏదో అయిపోయిందనుకుని పక్కింటి చిన్నవ్వ ఏడవడం మొదలెట్టింది. ఆవిణ్ణి ఊరుకోబెట్టేసరికి పాలు పొంగిపోయాయి.

ప్రసన్న రాజమండ్రి హాస్టల్లో ఉంది. శనివారాలు వస్తుంది. వచ్చిందంటే నాతో కూడా ఇంగ్లీషే. "పెద్దమ్మా, ఐ యామ్ హంగ్రీ" అంటుంది, నేను "అయితే గిన్నె అక్కడుంది" అంటాను. నీ ఉత్తరం చదివి మడిచి తన పుస్తకంలో పెట్టుకుంది. నాకు ఇవ్వమంటే ఇవ్వలేదు.

ఒక మాట అడుగుతాను, సరిగ్గా చెప్పు. ఆ బాబా ఏం ఉద్యోగం చేశాడు? వైద్యం చదివినవాడు మందు ఏమిటో చెబుతాడు గానీ, ఏ భుజం ముందు పోతుందో చెబుతాడా? బావకి చదివి వినిపిస్తే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నువ్వసలే ఎవరు నాలుగు మంచి మాటలు చెప్పినా కరిగిపోయే రకం. జాగ్రత్తగా ఉండు.

నిన్ను తిట్టే హక్కున్న ఒకే ఒక్క అక్క,
వీరదుర్గ


బుసైతీన్,
19 అక్టోబరు 2024

అక్కా,

తిట్లు అందాయి. చాలా రోజుల తర్వాత కడుపు నిండినట్టుంది.

నువ్వడిగింది లింబాద్రిని గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాను. బాబా ఒకప్పుడు మనుషుల్ని పట్టి ఉంచే చోట పెద్ద అధికారట. అక్కడ జనాన్ని హింసించారని ఇంగ్లండు వాళ్ళు ఆయన పేరు ఒక జాబితాలో పెట్టారట. అలా పెడితే ఆ మనిషికి బ్యాంకు ఉండదు, అక్కడ ఇల్లు అమ్ముకోలేడు, ఎవరూ ఆయనతో లావాదేవీ పెట్టుకోకూడదు. ఆంక్షలు అంటారట. బావ పేపర్లో చూసే ఉంటాడు. మేడం మాత్రం అదంతా అసూయతో కట్టిన కథ అని ఒట్టు పెట్టుకుని ఏడ్చింది. లండన్‌లో మనవడి బడి ఫీజు కూడా కట్టనివ్వడం లేదట. చీమ కుట్టినా చెయ్యెత్తని మనిషి హింసిస్తాడంటే నాకూ నమ్మకం కలగలేదు.

కానీ అక్కా, వీధికి అవతల ఒకావిడ నిలబడుతుంది. ఒంటినిండా నల్ల అబాయా కప్పుకుని, చేతులు కట్టుకుని ఈ ఇంటివైపు చూస్తూ ఉంటుంది. అరవదు, అడుక్కోదు. ఎండ నెత్తిమీదికి వచ్చినా కదలదు. ఆవిడ వచ్చిన రోజు బాబా కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చుంటాడు. నేను టీ తీసుకెళితే వెనక్కి చూడకుండానే, "ఇవాళ బరువంతా కుడికాలి మీద వేసి నిలబడింది కదూ" అంటాడు. వెళ్ళి చూస్తే అలాగే ఉంటుంది. ఆవిడెవరని అడిగితే మేడం, "తెలియదు" అంటుంది. ఆ మాట ఆవిడ అనే తీరు చూస్తే మళ్ళీ అడగబుద్ధి కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మేడం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆయన పేరు మీద ఏదీ నిలవడం లేదు. కొన్నాళ్ళు నీ పేరు మీద ఉంచుతాం, గండం గడిచాక తీసేసుకుంటాం" అంది. నాకు వెంటనే మన తమ్ముడు గంగరాజు గుర్తొచ్చాడు. వాడికి ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, వాణ్ణి పుట్టగానే చేటెడు తవుడుకి చిన్నవ్వకి అమ్మేశారు కదా. ఈ బిడ్డ వీళ్ళది కాదులే అనుకుని చావు దారి తప్పిపోవాలని. వాడు ఇప్పుడు లారీ తోలుతున్నాడు, దున్నపోతులా ఉన్నాడు. ఇదీ అలాంటిదేనా అని మేడానికి ఆ కథంతా చెప్పాను. ఆవిడ నా చేతులు పట్టుకుని, "అచ్చం అంతే సత్యా, అచ్చం అంతే" అంది. మన పద్ధతి పరాయి దేశపు మనిషికి అర్థమైందని నాకు ఎంత సంతోషం వేసిందో!

కాబట్టి సంతకాలు పెట్టాను. ముందు ఈ ఇంటి అద్దె కాగితం, కరెంటు. తర్వాత మనామాకి కారులో తీసుకెళ్ళి బంగారు కొట్ల వెనక ఒక చిన్న ఆఫీసులో కంపెనీ కాగితాల మీద పెట్టించారు. నా వీసా కూడా మార్చారు. అక్కడ కుర్రాడు నన్ను "డైరెక్టర్ మేడం" అన్నాడు, నేను నవ్వాపుకోలేక దగ్గాను. ఇవన్నీ చేసినందుకు ఫిబ్రవరిలో నాకు టిక్కెట్టు కొని ఇంటికి పంపిస్తారు. ప్రసన్నతో చెప్పు, తల దువ్వించుకోవడానికి సిద్ధంగా ఉండమని.

నీ డైరెక్టరు చెల్లెలు,
సత్యకుమారి


మలికిపురం,
7 నవంబరు 2024

సత్యకుమారికి,

ఈసారి ఉత్తరం బావకి చదివి వినిపించలేదు. ముందు నేను రెండుసార్లు చదివాను, తర్వాత దాచాను.

ఇంటి కాగితం నీ పేరు మీద, కరెంటు నీ పేరు మీద, కంపెనీ నీ పేరు మీద, చివరికి వీసా కూడా మార్చారు. పరాయి మగాడు ఒక ఆడదాని పేరు మీద ఇల్లు పెట్టాడంటే మనూళ్ళో దానికి ఒకటే అర్థం. ఆ మేడం ఆయన భార్యేనా, లేక నీ కథలో పెట్టిన మనిషా? నీ మొగుడు పోయి ఎన్నేళ్ళో అయింది. నువ్వు ఎవర్నైనా చేసుకుంటే నేను కాదనేదాన్నా? కానీ నాకు తవుడు కథలు చెప్పకు. తవుడుకి బిడ్డల్ని అమ్మారు గానీ మేడలు అమ్మగా నేను వినలేదు.

ప్రసన్న నీ ఉత్తరం కోసం శనివారం వచ్చి అడిగింది. రాలేదని అబద్ధం చెప్పాను. దానికి ఏం చెప్పమంటావో నువ్వే రాయి. మీ అమ్మ అక్కడ ఇల్లు పెట్టుకుంది, ఇంక రాదు అని చెప్పమంటావా?

కోపంగా ఉన్నాను కాబట్టి వేరే కబుర్లు రాయడం లేదు. గంగరాజు లారీ బాగుచేయించాడు, అదొక్కటే.

వీరదుర్గ


బుసైతీన్,
30 నవంబరు 2024

అక్కా,

ఛీ. నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నన్ను పెంచినదానివి, నీకు కూడా అలా తోచిందా? ఆయన వయసు మన నాన్న వయసు. నా నోటితో ఆ మాటకి జవాబు చెప్పాల్సి రావడమే నాకు సిగ్గుగా ఉంది.

ఇదంతా కాగితం మీద సంగతే అని నీకు ఎలా నమ్మకం కలిగించను? చూడు, ఇక్కడి ఇల్లే కాదు, లండన్‌లో వాళ్ళ ఇల్లు కూడా ఆ కంపెనీదేనట. అంటే అదీ ఇప్పుడు నా పేరు మీదే. నేను ఎన్నడూ కాలు పెట్టని ఊళ్ళో నాకు ఇల్లు! ఆ ఇంట్లో ఆయనతో కాపురం ఉండటానికి నేనేమైనా ఎగిరి వెళ్తానా? అడ్రసు కూడా కింద ఎక్కించి పంపుతున్నాను, బావతో చదివించుకో. అబద్ధమాడేదాన్నయితే అడ్రసులు రాసి పంపను. ప్రసన్నతో నిజం చెప్పు. దాని దగ్గర నన్ను దొంగని చేయకు.

ఇక్కడ సంగతులు మారాయి. మేడం కొడుకు దగ్గరికని వెళ్ళింది. ఒక చిన్న పెట్టె పట్టుకుని, వంటింట్లో స్టవ్వు మీద ఏముందో కూడా చూడకుండా వెళ్ళింది. ఎప్పుడొస్తుందో చెప్పలేదు, అలమారలో చూస్తే నా ఫోను కూడా లేదు. ఇంట్లో బాబా, నేను మిగిలాం. ఇది చదివి మళ్ళీ మొదలెట్టకు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

మేడం వెళ్ళినప్పటినుంచి ఆయన తీరు నాకు భయంగా ఉంది. నేను గదిలోకి వెళితే కుర్చీలోంచి లేచి నిలబడుతున్నాడు. మొదట ఏదో కావాలేమో అనుకున్నాను. "కూర్చోండి బాబా" అన్నాను. "నువ్వు చెప్పావుగా, కూర్చుంటాను" అని కూర్చున్నాడు. ఇప్పుడు నేను అనేదాకా కూర్చోడు. నీళ్ళు తాగాలన్నా అడుగుతాడు. పడకగది ఖాళీ చేసి, వంటింటి పక్కన నా చిన్నగదిలోకి తన దుప్పటి తెచ్చుకున్నాడు. "పెద్దగది ఇంటివాళ్ళది, నేను ఇక్కడ ఉండటం పద్ధతి" అంటాడు. నా సామాను ఎంతో పొందికగా మడిచి పెద్దగదిలో పెట్టాడు, చీరలు కూడా. ఆ చీరలు మళ్ళీ ఉతుక్కున్నాను.

ఆయన ఎగతాళి చేస్తున్నాడేమో అని మొహంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. ఎంతో హాయిగా ఉన్నట్టున్నాడు. ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఈ ఇంటికి ఎవరూ రారు. ఉత్తరాలు, బిల్లులు అన్నీ నా పేరు మీద వస్తున్నాయి. ఆయన వాటిని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి నాకు ఇస్తున్నాడు.

ఫిబ్రవరి ఎప్పుడొస్తుందా అని ఉంది.

నిన్ను నమ్మించలేకపోయిన చెల్లెలు,
సత్యకుమారి


మలికిపురం,
20 డిసెంబరు 2024

బంగారుతల్లీ సత్యా,

నా నోరు మంచిది కాదు, నాకు తెలుసు. నువ్వు అన్నం మానేశావని చదివి ఏడ్చాను. బావకి రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. "నీ చెల్లెలు బతుకంతా ఒకళ్ళ ఇల్లు తుడిచింది, దేవుడు చూసి దాని పేరు మీద రెండిళ్ళు పెట్టాడు. అందులో నీకొచ్చిన నష్టమేంటే?" అని నన్నే కసిరాడు. కొన్నాళ్ళకి తిరిగి ఇచ్చేసేవే కావచ్చు, ఇచ్చేదాకా నీవే కదా. అసలు ఆ ముసలాయన లేచి నిలబడితే నీకు భయమెందుకు? ఇన్నేళ్ళు నువ్వు వాళ్ళ ముందు నిలబడలేదా? పెద్దతనం వచ్చి బుద్ధి స్థిమితం తప్పి ఉంటుంది, నాలుగు ముద్దలు పెట్టి చూసుకో.

లండన్ ఇంటి సంగతి చిన్నవ్వతో చెప్పాను. చిన్నవ్వతో చెబితే ఊరితో చెప్పినట్టే. ఇప్పుడు మన వీధిలో నన్ను చూసి బల్ల మీంచి లేచేవాళ్ళున్నారు, నాకైతే భయం వెయ్యలేదు మరి!

ఇంకో పెద్ద కబురు. ప్రసన్న ఇంగ్లీషు పరీక్ష పాసైంది. లండన్‌లో ఒక ఆసుపత్రి వాళ్ళు ఫోనులో మొహం చూస్తూ ప్రశ్నలడిగి, తీసుకుంటామన్నారు. రాజమండ్రి ఏజెంటు వీసా కాగితాలు ఉగాది దాటాక పెడదామన్నాడు. నువ్వు ఫిబ్రవరిలో వస్తే దాని దగ్గర నీకు బోలెడు రోజులు. ఈసారి అది నీ ఉత్తరం చదివి ఒక్క మాట అంది. "అమ్మ భయపడుతోంది పెద్దమ్మా" అంది. నేను, "మీ అమ్మ ఎండ్రకాయని చూసినా భయపడేది" అని కొట్టిపారేశాను.

లెంపలేసుకున్న అక్క,
వీరదుర్గ


బుసైతీన్,
21 జనవరి 2025

అక్కా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో. చదివాక నేను చెప్పినట్టు చెయ్యి. ఎందుకని బావ అడిగితే నా మీద ఒట్టు అని చెప్పు.

పోయిన వారం చెత్త పడేయడానికి గేటు తీశాను. వీధికి అవతల నిలబడే ఆవిడ నా ఎదురుగా ఉంది. ఎప్పుడు దాటి వచ్చిందో తెలియదు. ఇన్నాళ్ళూ ఇంటివైపు చూసేది, ఆ రోజు నా మొహంలోకి చూసింది. అంత దగ్గరగా చూస్తే నాకంటే మరీ పెద్దది కాదు. నాకు వచ్చిన వంటింటి అరబ్బీలోనే అర్థమయ్యేలా, నెమ్మదిగా అడిగింది.

"ఈ ఇల్లు నీదట. నా కొడుకేడీ?"

చేతిలో ఫోటో ఉంది. ప్రసన్న వయసు కుర్రాడు, నవ్వుతున్నాడు. నేను పనిమనిషినని చెప్పబోయాను. నోరు తెరిస్తే "తెలియదు" అని వచ్చింది. మేడం ఎలా అనేదో అచ్చం అలా, మెత్తగా వచ్చింది. ఆవిడ కోపగించుకోలేదు. ఫోటో నా చేతిలో పెట్టి, వెళ్ళి తన చోట నిలబడింది.

నేను లోపలికి వెళ్ళాను. బాబా లేచి నిలబడ్డాడు. కూర్చోమని అనలేదు, ఫోటో చూపించి ఈ కుర్రాడెవరని అడిగాను. ఆయన ఆ పిల్లాడి మొహం చూడలేదు అక్కా. మెడ కిందనుంచి చూశాడు. "ఈ ఎడమ భుజం నిలవలేదు" అన్నాడు. తర్వాత నిటారుగా నిలబడి, నేను పై అధికారినైనట్టు, ఏ ఏడు, ఏ గది, ఎక్కడ పాతిపెట్టారు, అన్నీ చెప్పాడు. నేను అడగనివి కూడా చెప్పాడు. చివరికి, "ఇంక ఇవి మీ దగ్గర ఉంటాయి" అని వెళ్ళి గదిలో పడుకున్నాడు. గురక పెట్టి నిద్రపోయాడు. ఈ ఇంటికి వచ్చాక ఆయన గురక వినడం అదే మొదలు.

అప్పుడు తెలిసింది నాకు, వాళ్ళు గండం గడిపించుకోలేదు, నా నెత్తిన దించారు. నేనే ఆ తవుడు కథ చెప్పి మరీ దించుకున్నాను.

ఆ తల్లికి చెప్పాను. ఫోటో తిరిగి ఇచ్చి, వచ్చీరాని మాటల్లో, పాతిపెట్టిన చోటు వరకు చెప్పాను. ఆవిడ నేలమీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి లేచి, నా తల మీద చెయ్యి వేసి వెళ్ళింది. మర్నాటి నుంచి రాలేదు.

ఈలోగా లింబాద్రి గోడ అవతలనుంచి పిలిచి తన ఫోను చూపించాడు. "అక్కా, ఇది నువ్వేనా? ఆ ఇంగ్లండోళ్ళ లిస్టుల కొత్త పేర్లు పెట్టిన్రట. ఆయన ఆస్తులు దాసిపెట్టినోళ్ళని రాసిన్రు" అన్నాడు. నా పాస్‌పోర్టు ఫోటో. ఇంగ్లీషులో నా పేరు, పుట్టిన ఏడు, మన ఊరి పేరు కూడా ఉంది. మలికిపురం అని చదివి వినిపించాడు. అంత పెద్ద దేశం వాళ్ళు మన ఊరి పేరు ఎలా పట్టుకున్నారక్కా? నా బ్యాంకు కార్డు పనిచేయడం లేదు. మేడం నంబరు లేదు. ఫిబ్రవరి టిక్కెట్టు సంగతి ఎవర్నడగాలో తెలియదు. నేను నోరు లేనిదాన్ని, నాకేం తెలియదని అక్కడెక్కడో చెప్పుకోవచ్చట. ఎప్పటికి తేలుతుందో.

నాకేమైనా కానీ. పిల్ల మీద పడకూడదు. ప్రసన్న వీసా కాగితాల్లో తల్లి పేరు దగ్గర నా పేరు రాయనివ్వకు. నీ పేరు రాయించు. పెంచింది నువ్వే, అబద్ధం కాదు. తల్లి ఎక్కడుందంటే మలికిపురంలో ఉందని చెప్పమను. నా ఉత్తరాలు, ఫోటోలు పుస్తకంలోంచి తీసి పొయ్యిలో పెట్టు. అది ఏడిస్తే ఏడవనీ, లండన్ వెళ్ళాక మరిచిపోతుంది. నేను వచ్చేలోపే దాన్ని విమానం ఎక్కించెయ్యి. తల దువ్వడానికి నువ్వున్నావు కదా.

ఉగాది దాకా టైముంది కాబట్టి ఊపిరి పీల్చుకుంటున్నాను. ఈ సంగతి ఫోనులో చెప్పమని లింబాద్రి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "నా పేరు గూడ ఎక్కుతదక్కా, నాకూ పిల్లలున్నరు" అన్నాడు. తప్పు పట్టలేకపోయాను. వచ్చే వారం సెలవు మీద ఇంటికి పోతున్నాడు. ఇది తన బట్టల్లో పెట్టుకుని ఆర్మూరులో పోస్టు చేస్తాడు.

బాబా నా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. భోజనం చేయవచ్చా అని అడుగుతున్నాడు.

పిల్ల జాగ్రత్త,
సత్య


మలికిపురం,
23 జనవరి 2025

సత్యా,

నీ దగ్గరనుంచి ఉత్తరం రాలేదు. వచ్చేదాకా ఆగుదామంటే ఈ కబురు నన్ను కూర్చోనివ్వడం లేదు.

ఉగాది దాటాక అన్నది నీకు చెప్పిన ఉత్తుత్తి మాట! ఆసుపత్రి వాళ్ళు తొందరగా రమ్మన్నారు. నువ్వు ఫిబ్రవరిలో దిగేసరికి వీసా చేతిలో పెట్టి నిన్ను అదరగొట్టాలని ప్రసన్న నా నోరు కట్టేసింది. సోమవారం నేనూ బావా దాన్ని హైదరాబాదు తీసుకెళ్ళాం. కాగితాలు ఇచ్చేశాం, వేలిముద్రలు కూడా తీసుకున్నారు. బావ ఆ మెట్రో రైలు ఎక్కి దిగనన్నాడు, అదో గోల.

నీకొకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ కాలేజీలో ఎక్కడ రాయాల్సివచ్చినా అది తల్లి ఉద్యోగం దగ్గర గృహిణి అని రాసేది. పనిమనిషి అని రాయడానికి దానికి మొహం చెల్లేది కాదు, నీకు తెలిస్తే బాధపడతావని నేనెప్పుడూ చెప్పలేదు. ఈసారి ఏజెంటు, "ఇంట్లోవాళ్ళ ఆస్తులేమైనా ఉంటే చూపించండమ్మా, బలంగా ఉంటది" అన్నాడు. పిల్ల నా వైపు చూసి నవ్వి, పెన్ను అందుకుని నీ పేరు పూర్తిగా రాసింది. పక్కన కంపెనీ డైరెక్టర్ అని రాసింది. బుసైతీన్ ఇల్లు, మనామా కంపెనీ, ఏదీ వదల్లేదు. నువ్వు పంపిన కాగితం చూసుకుంటూ ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. "ఇది మా అమ్మ" అని ఏజెంటుకి చెప్పేటప్పుడు దాని మొహం నువ్వు చూడాల్సింది.

అక్కడికెళ్ళాక ఎక్కడ ఉంటావని అడిగాడు. హాస్టలు పేరు రాయబోతుంటే నేనే ఆపాను. లండన్‌లో తల్లికి ఇల్లుండగా పిల్ల హాస్టల్లో ఉండటమేమిటి? ఆ అడ్రసే రాయించాను. విమానం దిగగానే తిన్నగా నీ ఇంటికే వెళ్తుంది.

నీ అక్క,
వీరదుర్గ